ఎవరి పక్షమూ కాని మరమనిషి

నాకు అనుమానం ఎక్కువ. ఇది గొప్పగా చెప్పుకుంటున్న మాట కాదు, ఇంట్లో వాళ్ళందరూ నన్ను తిట్టడానికి వాడిన మాట. పాలవాడు కళ్ళెదుటే పిండి ఇచ్చినా ఒక బొట్టు గోటి మీద వేసుకుని చూసేవాణ్ణి. బస్సు కండక్టరు సీటుంది ఎక్కమంటే, కిటికీలోంచి తొంగిచూసి గానీ కాలు పైన పెట్టేవాణ్ణి కాదు. మా అమ్మ నన్ను అనుమానపు పక్షి అనేది. రేడియోలు బాగుచేసే పనిలో పడ్డాక ఈ గుణం ఇంకా ముదిరింది. పాట ఆగిపోయిన రేడియో తెచ్చిన ప్రతి మనిషీ "మేమేం సేయలేదప్పా, దానంతట అదే ఆగిపోయింది" అనేవాడే. వెనక మూత విప్పితే పిల్లలు దూర్చిన చీపురు పుల్లో, ఒలికిన కాఫీ మరకో కనబడేది. దానంతట అదే జరిగేది ఏదీ ఉండదని, ప్రతిదాని వెనకా ఎవరిదో ఒక చెయ్యి ఉంటుందని నాకు ఆ మూతలే నేర్పాయి.

ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో నా అంగడి. రేడియోలు, మైకు సెట్లు, కొత్తగా వస్తున్న టేప్ రికార్డర్లు చూసేవాణ్ణి. మా నాయన చిన్నప్పుడే మగ్గం వదిలేసి జిన్నింగ్ మిల్లులో చేరినవాడు. సాయంత్రం మిల్లు నుంచి నేరుగా అంగడికి వచ్చి, జుట్టులో చిక్కుకున్న పత్తి దులుపుకుని, స్టూలు మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళందరితో మాటలు కలిపేవాడు, టీ తెప్పించేవాడు. నేను ఎవరినైతే దొంగను చూసినట్టు చూస్తానో వాళ్ళ ఊరు, పిల్లలు, ఆరోగ్యం అన్నీ ఆయన ఒక టీ తాగేలోపల తెలుసుకునేవాడు.

ఒకరోజు సాయంత్రం బళ్ళారి వైపు మనిషి ఒకాయన, తువ్వాలులో మూటకట్టిన టేప్ రికార్డరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"దీన్ని తొందరగా మాట్లాడించల్లప్పా. ఇది మాట్లాడకుంటే మా మరమనిషి మూగోడైపోతాడు" అన్నాడు.

ఎమ్మిగనూరు జాతరకు వచ్చిన ఎగ్జిబిషన్‌లో, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే మరమనిషి డేరా ఆయనదట. నేను నవ్వాను. నాయన నవ్వలేదు. ఆయన స్టూలు ఇంకొంచెం ముందుకు జరుపుకుని, మరమనిషి ఏం తింటాడు, ఎవరు చేశారు అని ఆరా మొదలుపెట్టాడు. నేను బెల్టు మార్చే సరికి వాళ్ళిద్దరూ ఎన్నాళ్ళ నుంచో ఎరిగినవాళ్ళలా ఉన్నారు.

బెల్టు మార్చినా పని పూర్తి కాలేదు. డేరాలో వైర్లు కూడా చెడిపోయాయట, అక్కడికే వచ్చి చూడమన్నాడు. మరుసటి ఉదయం ఎమ్మిగనూరు పోయాను. నిజం చెప్పాలంటే కూలి కోసం పోలేదు. ఆ మరమనిషి మూత విప్పి చూడకపోతే నాకు నిద్ర పట్టదు.

విప్పాను. నూనె డబ్బాల రేకును వెండి రంగు పూసి మనిషిగా చేశారు. కళ్ళకు రెండు ఎర్ర బల్బులు. కడుపులో చెక్క డోలు ఒకటి, దాని చుట్టూ ఇత్తడి మేకులు. మోటారు డోలును మెల్లగా తిప్పుతుంది. ఒక్కో మేకు ఒక్కో స్విచ్చును తాకుతుంది. ముందు కళ్ళు వెలుగుతాయి, తరువాత తల తిరుగుతుంది, తరువాత కుడిచెయ్యి లేస్తుంది. మేకులు పీకి వేరే చోట గుచ్చితే ముందు చెయ్యి లేస్తుంది, తరువాతే తల తిరుగుతుంది. కోక అంచు మీద పువ్వు రావడానికి మగ్గం పైన డాబీకి మేకులు బిగిస్తారే, ఇదీ అదే పద్ధతి. నేతగాళ్ళ ఊళ్ళో దీన్ని తెరిచి చూపిస్తే టికెట్టు కొనేవాడే ఉండడు, అందుకే కడుపుకు తాళం వేసి పెట్టాడు.

అసలు సంగతి నల్లగుడ్డ వెనక ఉంది. ఒక పలక, దాని మీద ఇళ్ళకు పెట్టే గంట మీటలు వరసగా. అక్కడి నుంచి లావుపాటి వైరు చాప కింద నుంచి మరమనిషి కాలిలోకి పోతుంది. ఒక మీట నొక్కితే డోలు తిరుగుతుంది. మిగతావి నొక్కితే టేపులో ముందే పట్టి పెట్టిన జవాబులు వస్తాయి. ఔను. కాదు. ఓపిక పట్టు. దూరం నుంచి మంచి మాట వస్తుంది. ఇట్లాంటివే ఇంకొన్ని. పక్కనే ఒక మైకు కూడా ఉంది, టేపు మొరాయించినప్పుడు తన గొంతుతోనే నడిపించడానికి.

వైర్లు బిగించాక నన్నే నొక్కి చూడమన్నాడు. గుడ్డ సందులోంచి చూస్తూ నొక్కాను. అప్పటికే డేరాలోకి వచ్చి నిలబడిన ఒక ముసలావిడ, మరమనిషి చెయ్యి లేవగానే రెండు చేతులూ జోడించి తల వంచింది. నా వేలి కింద మీట ఇంకా వెచ్చగా ఉంది. గబుక్కున చెయ్యి తీసేశాను. మనిషి కనబడకుండా మాట వినిపించే ప్రతిచోటా నేను వెనక్కి తిరిగి చూడడం ఆ రోజు నుంచే ఎక్కువైంది.

ఎమ్మిగనూరులోనే మా అక్క అత్తగారిల్లు. పని ముగించుకుని అక్కడికే భోజనానికి పోయాను. అక్క సంగతి ఇక్కడ చెప్పాలి. బావ రెండేళ్ళ కిందట కోకలు అమ్ముకుని వస్తానని మూట భుజాన వేసుకుని హుబ్బళ్ళి బండి ఎక్కాడు. మళ్ళీ రాలేదు. సోలాపూరులో చూశామని ఒకరు, హుబ్బళ్ళిలో ఇంకో ఇల్లు పెట్టాడని ఒకరు చెప్పారు. ఏదీ తేలలేదు. అక్క పదో తరగతి చదివింది. అత్తగారింట్లో పొద్దున్నే నూలు కండెలు చుట్టి, పగలంతా మగ్గం గుంతలో కూర్చుని కోకలు నేసేది. ఆ ఏడు నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెడితే కర్నూలుకు రమ్మని పిలుపు వచ్చింది. సోమవారం చేరాలి. చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

రెండిళ్ళలోనూ వారం నుంచీ అదే గొడవ. అక్క అత్త ఏడుస్తుంది. మామ అలుగుతాడు. మా నాయన వచ్చిన ప్రతిసారీ "అల్లుడు రేపో మాపో వస్తాడు, వాకిలి మూసి పోవద్దు తల్లీ" అంటాడు. నేను పొమ్మంటాను. నేను చెప్పేది సలహాగా కాక పోట్లాటగా వినిపిస్తుందని అక్క అనేది. నిజమే, నాకు ముక్కు మీద కోపం.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, మరమనిషి గురించి అడిగింది. నేను చూసిందంతా చెప్పాను, డోలు, మీటలు, మైకు అన్నీ. అంతా విని, "ఆదివారం నన్ను తీసుకపో. దాన్నే అడుగుతా. మీ బావ వస్తాడంటే ఉంటా. రాడంటే కర్నూలు పోతా" అంది.

ముద్ద కంచంలో వదిలేశాను.

"నీకేమన్నా పిచ్చా అక్కా? ఇంతసేపూ సెప్పింది ఏమి? అది నూనె డబ్బాల రేకు! గుడ్డ సాటున మనిషి కూసోని మీటలు నొక్కుతాడు. పొద్దున నేనే నొక్కొచ్చినా."

"తెలిసిందిలే. ఆ నొక్కేటాయన మనకేమవుతాడు?"

"ఏమీ కాడు."

"నాకు అదే కావాల్సింది. అత్తనడిగితే ఆమె కన్నకొడుకు. మామనడిగితే మగ్గం ఆగిపోతాదని ఆయప్ప భయం. అమ్మనడిగితే ఏడుపు. నాయననడిగితే ఈ సంబంధం తెచ్చిందే ఆయన. నిన్నడిగితే నీకు అందరి మీదా అనుమానమే. ఈళ్ళందరిలో ఎవురి పక్షమూ కాని నోరు ఒక్కటి కూడా లేదు. ఆయన నొక్కిన మీట ఏదైతే అది. బొమ్మా బొరుసూ ఏసినట్ల. నాకింక ఆలోచన సేయడానికి ఓపిక లేదురా."

ఆమె కళ్ళ కింద నలుపు అప్పుడే చూశాను. సరేనన్నాను.

ఇంటికి వచ్చి రాత్రి అన్నం దగ్గర అమ్మకూ నాయనకూ ఇదంతా చెప్పాను. అమ్మ తల కొట్టుకుంది. నాయన మాత్రం ముద్ద కలుపుతూ ఏమీ అనలేదు. ఇంకెవరైనా ఇలా నోరు మూసుకుని ఉంటే వెంటనే అనుమానించేవాణ్ణే.

శనివారం నాయన అంగడికి రాలేదు. మిల్లులో పని ఉందన్నాడు. నాకు వేరే చింత పట్టుకుంది. నాకూ ఒక బుద్ధి పుట్టింది మరి. ఆ డేరాయన నాకు తెలిసినవాడు. "ఇట్లా ఒకామె వస్తాది, కాదు అనే మీట నొక్కు" అని ఒక్క మాట చెబితే చాలు, అక్క సోమవారం కర్నూలులో ఉంటుంది. చెప్పులు వేసుకుని బస్టాండు దాకా పోయాను కూడా. ఎవరి పక్షమూ కాని నోరు కావాలన్న ఆమె మాట గుర్తొచ్చి, పళ్ళు నూరుకుంటూ వెనక్కి వచ్చేశాను.

ఆదివారం అమ్మ, నాయన, నేను జాతరకు ఎమ్మిగనూరు పోయాము. రంగుల రాట్నం, బెల్లం మిఠాయి అంగళ్ళు, మోటారు సైకిలు గోడల మీద తిరిగే బావి, దుమ్ము. మామ కూడా డేరాకు వస్తానని కొత్త పంచ కట్టుకుని బయలుదేరాడు. అక్కడే నాకు మొదటి అనుమానం. మగ్గం దగ్గర నుంచి కదలని మనిషికి ఇంత ఉత్సాహం ఎందుకు? నాయన మాత్రం, "నాకు ఆ గోల పడదు, మీరు పోయి రాండి" అని అక్కావాళ్ళ ఇంట్లోనే మంచం మీద కూర్చుండిపోయాడు.

డేరా బయట టికెట్లు ఇచ్చేది డేరాయన భార్య. వరసలో నిలబడినవాళ్ళతో ఆమె తీయగా కబుర్లాడుతుంటుంది. ఎవరి సంగతి ఏమిటో అక్కడే తెలుసుకుని లోపలికి చేరవేస్తుందని వైర్లు బిగించడానికి వచ్చిన రోజే కనిపెట్టాను. అందుకే టికెట్లు నేనే కొని, అక్కను ఆమె కంట పడకుండా పక్కగా తిప్పి లోపలికి తీసుకుపోయాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరమనిషి ఛాతీ మీద ఒక గరాటు ఉంటుంది. అందులో తన పేరు, ఊరు చెప్పి ప్రశ్న అడగాలి. అక్క తన పేరు, ఊరి పేరు చెప్పింది. తరువాత, "మా ఆయన ఇంటికి వస్తాడా?" అంది. అంతే. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. రేషను అంగడిలో అడిగితే పక్కనున్న పిల్లలచేత చెప్పిస్తారు. ట్రైనింగు దరఖాస్తు కోసం పోయినప్పుడు కూడా భర్త పేరేమిటంటే అక్క కాగితం అడిగి తీసుకుని రాసి ఇచ్చిందట. అట్లాంటి మనిషి జాతరలో, రేకు బొమ్మ ముందర, మామ పక్కన నిలబడి ఆ పేరు ఎట్లా అంటుంది?

ఎర్ర కళ్ళు వెలిగాయి. తల తిరిగింది. చెయ్యి లేచింది. బావ పేరు, ఇంటిపేరుతో సహా, డేరా అంతా మోగింది. ఆయన ఉగాది లోపల వస్తాడు, ఇల్లు వదలవద్దు, అని చెప్పింది.

అక్క చెప్పని పేరు దానికెట్లా తెలుసు? ఇంకొకటి కూడా పట్టుకున్నాను. టేపు తిరిగేటప్పుడు ముందుగా సన్నగా గరగర వస్తుంది. ఆ టేపుతో రెండు రోజులు కుస్తీ పట్టినవాణ్ణి, నాకు తెలియదా? ఇప్పుడు ఆ గరగర రాలేదు. అది మైకులో పలికిన మాట. ఎవరో పేరు అందించారు.

మామ ముఖం దీపంలా వెలుగుతోంది. "వింటివా! మరమనిషే సెప్పినాడు!" అని నా భుజం చరిచాడు. అక్క ముఖంలో మాత్రం ఏమీ కనబడలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచిపోయింది. మామ ఈ కబురు అత్తకూ మా అమ్మకూ చెప్పాలని వాళ్ళున్న మిఠాయి అంగడి వైపు పరుగుతీశాడు.

నేను నేరుగా నల్లగుడ్డ వెనక్కి పోయి డేరాయన చొక్కా పట్టుకున్నాను.

"మా అక్క మామ నీ దగ్గరికి ఎప్పుడొచ్చినాడు? ఏం సెప్పినాడు? నిజం సెప్పు, లేకుంటే నీ డోలు పీకి ఈడనే వీధిలో పెడతా!"

ఆయన బిత్తరపోయాడు. "ఏ మామప్పా? నాకే మామా తెలీదు."

"మరి పేరెట్ల తెలిసింది?"

"మీ నాయన సెప్పినాడు గదా" అన్నాడు, అది నాకు తెలిసే ఉంటుందన్నట్టు. "నిన్న మధ్యాహ్నం వచ్చినాడు. నీకు తెలుసనుకొంటి. బిడ్డ వచ్చి అడుగుతాది, ధైర్యం సెప్పన్నా అని కండ్లల్లో నీళ్ళు పెట్టుకొన్యాడు. నాకూ ఆడబిడ్డలుండారు, కాదనలేకపోయినా. పేరు తప్పు పలకొద్దని రెండుసార్లు నాతోనే పలికించి పోయినాడు."

చొక్కా వదిలేశాను. టికెట్లమ్మే ఆమెను అనుమానించాను, మామను అనుమానించాను, టేపునూ వైరునూ అనుమానించాను. నా అనుమానం ఊరంతా తిరిగింది గానీ మా ఇంటి గడప మాత్రం తొక్కలేదు. నేను బస్టాండు దాకా పోయి ఆగిపోయాను కదా, ఆయన బస్సెక్కి వచ్చి మరీ చెప్పిపోయాడు! నడిచానో పరుగెత్తానో తెలియదు, అక్కావాళ్ళ ఇంటికి వచ్చి పడ్డాను.

ఇంట్లో వాళ్ళిద్దరే ఉన్నారు. నాయన మంచం మీద. అక్క మగ్గం గుంతలో కూర్చుని ఉంది, నేయడం లేదు. చేతులు కోక మీద ఊరికే పెట్టుకుంది.

"నాయనా, నువ్వు..." అని మొదలుపెట్టాను.

"నువ్వుండు" అంది అక్క, నా వైపు చూడకుండానే. "నాకు తెలుసు."

నాయన తలెత్తాడు.

"ఈ ఊర్లో ఆయప్పను ఎవురూ ఆ పేరుతో పిలవరు నాయనా. ఇంట్లో ముద్దు పేరు. వీధిలో ఇంకో పేరు. పెండ్లి పత్రికలో ఏసిన పేరు ఇంటిపేరుతో సహా నిండుగా పలికేది నువ్వొక్కడివే. అల్లుడికి మర్యాద అని. అది నోరు తెరవంగానే నాకు నువ్వే కనపడినావు."

నాయన బుకాయిస్తాడేమో, ఆ పని చేస్తే అడ్డంగా పట్టుకోవాలని చూస్తున్నాను. ఆయన బుకాయించలేదు.

"నీ మంచికే తల్లీ. ఈ సంబంధం తెచ్చింది నేను. పిల్లోడు మంచోడని నలుగురి ముందర సెప్పింది నేను. నువ్వు పెట్టె తీసుకొని పోయినావంటే, వాడు ఇంక రాడని మనమే ఒప్పుకొన్నట్ల గదా? రేపు వాడొచ్చి నా పెండ్లాం యాడ అని అడిగితే నేనేం సెప్పల్ల?"

"నేను దాని దగ్గరికి ఎందుకు పోయినా నాయనా? అది మన ఇంటి మనిషి కాదని. దాన్ని కూడా నువ్వు మన ఇంటి మనిషిని సేస్తివి." ఆమె గొంతు పెరగలేదు. నేనైతే అరిచి ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ణి. "సరే. దాని నోట్లో మాట నీదే గదా. ఆ మాటేదో నువ్వే సెప్పు. నా మొకం సూసి సెప్పు. ఆయన వస్తాడా? వస్తాడని నువ్వంటే ఇప్పుడే కర్నూలు మానుకొంటా. మళ్ళీ ఈ ఊసే ఎత్తను."

ఇదేం పని? రెండేళ్ళ నుంచీ రోజూ చెప్తున్న మాటే కదా, మళ్ళీ చెప్పడానికి ఆయనకెంతసేపు? వస్తాడు తల్లీ అంటాడు, ఆమె ఈ గుంతలోనే ఉండిపోతుంది. నోరు తెరవబోయాను. అక్క చెయ్యెత్తి ఆపింది.

నాయన నోరు తెరిచాడు. మంచం పట్టె మీద చేతులు ఆనించుకుని కొంచెంసేపు కింద చూశాడు, తరువాత అక్క ముఖంలోకి చూశాడు. మిల్లులో, అంగడిలో, దారిలో ఏ మనిషి దొరికినా గలగలా మాట్లాడే మా నాయనకు మాట కరువవడం నేను చూడటం అదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఆయన మీద జాలేసింది.

"తెలీదమ్మా" అన్నాడు చివరికి. "నాకు తెలీదు. వాడు వస్తాడో రాడో నాకేం తెలుసు?"

అక్క కళ్ళు తుడుచుకుంది.

"రెండేండ్ల నుంచి నాకు అందరూ వస్తాడనే సెప్పినారు నాయనా. తెలీదని సెప్పింది నువ్వొక్కడివే" అంది. "ఈ మాట సాలు నాకు. ఇంక పోతా."

సగం నేసిన కోకను మగ్గం మీద అలాగే వదిలేసి, ఆమె గుంతలోంచి పైకి లేచి వచ్చింది.